కాలేజీ వరండాలో చాటలు

"చెయ్యి పైకెత్తు. అందరు చూడాలె" అన్నాడు కాలేజీ కరస్పాండెంటు.

మెహక్ కుడిచెయ్యి ఎత్తింది. కామారెడ్డిలో రైల్వే గేటు అవతల ఉన్న ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో మేమంతా వరసలో నిలబడి ఉన్నాం. అందరం డిగ్రీ పాసైనవాళ్ళమే. మా సర్టిఫికెట్లు మాకిమ్మని అడగడానికి వచ్చినవాళ్ళమే.

"చూసిండ్రా? ఆ బొటనవేలు చూడుండ్రి. నున్నగున్నది. ఒక్క గీత లేదు. వేలిముద్ర పడని మనిషికి స్కాలర్‌షిప్పు ఎట్ల వస్తది? నువ్వెవరివో సర్కారుకే తెల్వది. నాకెట్ల తెలుస్తది?"

అని తనే నవ్వాడు. గుమాస్తా రామస్వామి కూడా నవ్వాడు. జీతం తీసుకునేవాడు యజమాని నవ్వినప్పుడు నవ్వకుండా ఎట్లా ఉంటాడు? వరసలో ఉన్న మాలోనూ కొందరు నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు గానీ రాయను, ఎందుకంటే తర్వాత వాళ్ళూ మాతో కూర్చున్నారు.

మెహక్ చెయ్యి దించలేదు. దించమని ఆయన అనలేదు కాబట్టి దించలేదో, దించితే ఏడుపొస్తుందని దించలేదో నేను అడగలేదు. ఆ చెయ్యి అట్లా గాలిలో ఉన్నంతసేపు నాకు ఆ గదిని తగలబెట్టాలనిపించింది.

నా పేరు పద్మప్రియ. మాది సదాశివనగర్. విద్యార్థి సంఘంలో పనిచేస్తాను. రేపోమాపో దరఖాస్తు పెట్టబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బీడీలు చుట్టే అక్కలూ చదవాలని ఇది రాస్తున్నాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

ముందు సంగతేమిటో చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు అనే మాట నోరు తిరగదు గానీ, అర్థం చిన్నదే. పేదింటి పిల్లలు కాలేజీలో చేరితే వాళ్ళ ఫీజు సర్కారు కాలేజీకి కడుతుంది. దానికి ఏటా దరఖాస్తు పెట్టాలి. ఆదాయం సర్టిఫికెట్టు, కులమో మతమో చెప్పే సర్టిఫికెట్టు, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా, పోయినేడు పాసైన మెమో కావాలి. ఇవన్నీ పెట్టాక, ఆ పిల్ల ఆ పిల్లేనని రుజువు చేయడానికి మిషన్ మీద వేలు పెట్టాలి. ఆ తర్వాత కాలేజీ వాళ్ళు చూసి పైకి పంపాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా అన్నీ ఆగుతాయి. అన్నీ సరిగ్గా ఉన్నా సర్కారు డబ్బు విడుదల చేయకపోతే మళ్ళీ ఆగుతాయి.

మూడేళ్ళ కింద ఈ కరస్పాండెంటు మనుషులు ఎల్లారెడ్డిలో ఇల్లిల్లూ తిరిగారు. "ఒక్క రూపాయి కట్టేది లేదమ్మా, అంత సర్కారే కడతది. పిల్లను మాకు అప్పజెప్పుండ్రి" అన్నారు. మెహక్ వాళ్ళమ్మ ఆమినా అప్పజెప్పింది. ఆమె భర్త హైదర్ దుబాయిలో పనికిపోయి, నడుం విరగ్గొట్టుకుని తిరిగొచ్చి మంచాన పడ్డాడు. ఇల్లు ఆమినా చుట్టే బీడీల మీద నడుస్తుంది. మొదటి రెండేళ్ళ డబ్బు మంజూరైందన్నారే తప్ప కాలేజీకి రాలేదు. మూడో ఏడు తల్లికి చూపు మందగించడంతో మెహక్ పొద్దున్నే లేచి, బస్సెక్కేముందు బీడీలు చుట్టి, సాయంత్రం ఇంటికి రాగానే మళ్ళీ చుట్టింది. తునికాకు చుట్టి చుట్టి వేళ్ళ చర్మం అరిగిపోతుంది. ఎల్లారెడ్డిలో ఆ వాడ మొత్తంలో అట్లా అరగని వేళ్ళు పాలుతాగే పిల్లలకే ఉంటాయి.

అరిగిన వేలి ముద్ర కూడా ఒక్కోసారి మిషన్‌లో పడుతుంది. మెహక్ విషయంలో ఇంకొకటి జరిగింది. పక్కింటి యాదవ్వ ఆ వాడలో అందరికంటే పెద్ద. మెహక్ వేలిముద్ర వేయడానికి పోతుందని తెలిసి, "గట్లనే పోతవా బిడ్డ? జర్దా మరకలు చూస్తె మిషన్ పట్టదు. చింతపండు, బూడిద పెట్టి బాగ తోము" అంది. పిల్ల మాట విని తోమింది. నల్లదనం పోయేదాకా, రక్తం చిమ్మేదాకా రాయితో కూడా తోమింది. మిగిలిన రెండు గీతలు కూడా ఆ తోముడుతో పోయాయి. దరఖాస్తు సెంటర్‌లో కుర్రాడు వేళ్ళన్నీ మార్చి మార్చి పెట్టించి, చివరికి "పడ్తలేదు, గడువు అయిపోయింది" అన్నాడు. కన్ను చూసి గుర్తుపట్టే మిషన్ ఒకటి ఉంటుందట. అది ఎక్కడుందో అడిగితే ఎవరికీ తెలియదు.

యాదవ్వ ఈ మాట ఎవరూ అడగకపోయినా తనే అందరికీ చెప్పుకునేది. "నా మాట ఇని పిల్ల ఆగమైంది" అని.

ఇప్పుడు మెహక్‌కు ఎంట్రన్సులో ర్యాంకు వచ్చి, సర్కారు బీఈడీ కాలేజీలో సీటు దొరికింది. శనివారం సాయంత్రంలోపు అసలు సర్టిఫికెట్లతో పోయి చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ వాడ నుంచి టీచరయ్యే మొదటి ఆడపిల్ల ఆమె. సర్టిఫికెట్లేమో కరస్పాండెంటు గది వెనక ఇనప బీరువాలో ఉన్నాయి. మూడేళ్ళ ఫీజు కడితే తాళం తీస్తానంటున్నాడు.

ఆఫీసు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే మా సంఘం మీటింగు పెట్టాం. మా సంఘానికి ఆఫీసంటూ లేదు. మెకానిక్ ముస్తకీమ్ అన్న షెడ్డులో బండ్ల మధ్య కూర్చుంటాం. మా నాయకుడు సతీశ్ ముందుగా ఒక వార్త చెప్పాడు.

"కరస్పాండెంటు నన్ను పిలిచిండు. కాలేజీలకు సర్కారు బాకీ ఉన్నది కదా, యాజమాన్యాలు కలెక్టరేట్ దగ్గర ధర్నా చేస్తున్నయంట. మనను గూడ రమ్మంటున్నడు. బస్సు పెడ్తడంట, అన్నం పెడ్తడంట. మీరు బాధితులే, నేను బాధితుణ్ణే అన్నడు."

"తప్పేమున్నది? సర్కారు ఇస్తలేదు కాబట్టే ఆయన ఆపిండు" అన్నాడు అబ్రాహాము. వాళ్ళ నాన్న పాస్టర్. మనిషి మంచివాడే, ఎదుటివాడు చెప్పింది నమ్ముతాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆయన బాధితుడా? పోయినేడు పై అంతస్తు ఎవలు కట్టిచ్చిన్రు? పెట్రోలు బంకు ఎవలిది? సర్కారు మెడ పట్టుకునే ధైర్యం లేక మన మెడ పట్టిండు. మనం పోయి ఆయన జెండా మొయ్యాల్నా?"

"అక్కా, మరి సర్కారు తప్పు లేదంటవా?" అన్నాడు అబ్రాహాము.

"సర్కారు తప్పే. ఇద్దరిదీ తప్పే. సర్కారు ఇయ్యది, ఈయన ఆపుతడు. వాళ్ళ లెక్క వాళ్ళు తేల్చుకోవాలె. మధ్యల మన కాయితాలెందుకు జప్తు చేసుకుంటడు? బర్రెను కట్టేసుకున్నట్టు మన చదువులను కట్టేసుకుండు."

స్నిగ్ధ అనే అమ్మాయి మెల్లగా అంది. "మా ఇంట్ల అప్పు తెచ్చి కట్టేసి తీస్కపొమ్మంటున్నరు. అందరు గట్లనే చేస్తున్నరు."

"అందరు గట్ల చేస్తున్నరు కాబట్టే ఆయన గిట్ల చేస్తున్నడు" అన్నాడు సతీశ్. అప్పటిదాకా అతనూ ఆ బస్సు గురించి ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. ఆ మాట అన్నాక మాత్రం ఇక బస్సు ఊసెత్తలేదు.

వినతిపత్రం ఇద్దామని ఒకరు, తాళం పగలగొడదామని ఒకరు. వాదన చాలాసేపు నడిచింది. మేం కూర్చుంటే ఎంతసేపు కూర్చుంటాం? పోయిన ధర్నా మధ్యాహ్నం దాకా నడిచింది. ఆకలేసి ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు ముస్తకీమ్ అన్న స్పానర్ తుడుచుకుంటూ అన్నాడు. "మీరు చదువుకున్నోళ్ళు, మీ అమ్మలను అడిగిన్రా? ఫీజు అంటె వాళ్ళ చేతులే కద?"

మర్నాడు నేనూ సతీశ్ ఎల్లారెడ్డి పోయాం.

ఆమినా ఇంటి ముందు రేకుల కింద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆమినా, యాదవ్వ, ఆమినా ఆడబిడ్డ నజ్మా, వాడలోని ఇంకా చాలామంది. తురకలని, తెలుగోళ్ళని ఆ రేకుల కింద తేడా లేదు. ఆకు ఒక్కటే, జర్దా ఒక్కటే, దగ్గు కూడా ఒక్కటే. సతీశ్ విషయం చెప్పాడు. కాలేజీ ముందు ధర్నాకు రమ్మన్నాడు. ఎవరూ చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు.

"మేమొస్తె బీడీలెవలు చుడ్తరు? నువ్వు చుడ్తవా?" అంది నజ్మా.

సతీశ్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. హక్కులన్నాడు, ఐక్యత అన్నాడు. నజ్మా మధ్యలో ఆపింది.

"బిడ్డా, ఒక్క దినం బీడీ కట్టలు కార్ఖానల ఇయ్యకుంటె బీడీలు చుట్టిచ్చుకునే టేకేదారు ఆకు తక్కువిస్తడు. రెండు దినాలైతె బీడీ కార్డు కొట్టేస్తడు. కార్డు పోతె పింఛను పోతది, దవాఖాన పోతది. గదంతా ఎరికేనా నీకు?"

సతీశ్‌కు ఎరిక లేదు. నాకు ఎరికే, మా అమ్మ భూమక్క కూడా సదాశివనగర్‌లో చుడుతుంది. అయినా ధర్నా అంటే పని బంద్ పెట్టడమనే మా తలకాయల్లో ఉంది. పని బంద్ పెడితే రాత్రి పొయ్యి కూడా బంద్ అయ్యేవాళ్ళ దగ్గరికి వచ్చి మేం ఆ మాట చెబుతున్నాం.

లోపలి నుంచి మెహక్ వచ్చింది. "వద్దక్కా. వీళ్ళను తిప్పలు పెట్టకుండ్రి. సీటు పోతె పాయె" అంది. అట్లా అంటూనే తల్లి పక్కన కూర్చుని, ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది.

అది చూసి యాదవ్వ చేతిలో బీడీ కిందపెట్టింది. ఆ రోజు అక్కడ ఆగిన మొదటి చెయ్యి అది.

"పోరి ఏళ్ళు చూసి ఆయన నవ్విండన్నరు. నిజమేనా?"

"నిజమే అవ్వ" అన్నాను.

"అందరి ముంగట?"

"అందరి ముంగట."

యాదవ్వ కాసేపు తన బొటనవేలు చూసుకుంది. "చెయ్యెందుకు ఆగాలె? చాట ఈడ పెట్టుకున్నా చుడ్తం, ఆడ పెట్టుకున్నా చుడ్తం. ఆ కాలేజీల వరండా ఉన్నదా?"

"పెద్దదే ఉన్నది."

"నీడ ఉన్నదా?"

"ఉన్నది అవ్వ."

"మరింకేంది? చాటలు తీస్కొని పోదాం. ఆడనే కూసొని చుడ్దాం. ఎవ్వలు పొమ్మన్నా పోయేది లేదు. మాపటికి కట్టలు తెచ్చి కార్ఖానల ఇద్దాం. ఇంక టేకేదారు ఏమంటడు?"

ఆమినా భయపడింది. "యాదక్కా, పోలీసోళ్ళొస్తరు."

"వస్తె రానీ. బీడీలు చుట్టుడు తప్పని చెప్పమను. చుట్టమన్నది వాళ్ళే, తాగేది వాళ్ళే."

రేకుల కింద నవ్వు పుట్టింది. చదువుకున్న మేమిద్దరం వెర్రిమొహాలు వేసుకుని చూశాం. ధర్నాలు చేయడం మాకే తెలుసనుకున్నాం ఇన్నాళ్ళు.

మర్నాడు పొద్దున మొదటి బస్సులో వాళ్ళు ఎక్కారు. గుడ్డల్లో కట్టిన చాటలు, తడిపిన ఆకు మూటలు, కత్తెరలు, దారపు ఉండలు. కండక్టరు ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకు సర్కారిచ్చే ఉచిత టికెట్టు కొట్టాడు. "బస్సుల మేమెవరమో సర్కారుకు ఎరికే ఉన్నది" అంది యాదవ్వ. లింగంపేట దాటేసరికి ఆ మాట బస్సంతా తిరిగింది.

కాలేజీ గేటు తెరిచి ఉంది. రోజూ తెరిచే ఉంటుంది, కొత్త అడ్మిషన్ల కాలం కదా. వాచ్‌మన్ అడిగేలోపు వాళ్ళు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కూర్చున్నారు. చాటలు ఒళ్ళోకి వచ్చాయి. ఆకు కత్తిరించే చప్పుడు మొదలైంది. గంటలో జర్దా ఘాటు పై అంతస్తు దాకా పోయింది. అడ్మిషన్ కోసం పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు ముక్కులు మూసుకుని, ఏమిటిదని అడిగారు. మేం చెప్పాం. చాలామంది గేటు నుంచే వెనక్కి తిరిగారు. ఆయనకు తగలాల్సిన చోట తగిలింది.

కరస్పాండెంటు పరుగున వచ్చాడు. "ఇది విద్యాలయమా, బీడీ కార్ఖానానా? లేవుండ్రి."

"కార్ఖానానే సార్" అంది ఆమినా. ఆమె అంతమంది ముందు నోరు విప్పగా నేను చూడటం అదే మొదలు. "మూడేండ్ల నుంచి మేం చుట్టిన బీడీలతోని నా బిడ్డ పుస్తకాలు కొన్నది, పరీక్ష ఫీజు కట్టింది, మీ బిల్డింగు ఫండ్ కట్టింది. సర్కారిచ్చేది రాకపోతె అది గూడ మా బీడీలల్లకెంచే కావాలంటున్నరు. మరి కార్ఖానా ఈడ పెట్టక యాడ పెట్టాలె?"

ఆఫీసులో నవ్విన కుర్రాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు వచ్చి యాదవ్వ పక్కన కూర్చుని "అవ్వా, దారం కట్టాల్నా?" అన్నాడు. వాళ్ళమ్మ కూడా చుడుతుందని అప్పుడు తెలిసింది. మూడేళ్ళు మాతో చదివి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నానికి ఇంకా చాలామంది కూర్చున్నారు. సిగ్గు ఒక్కరు విడిచిపెడితే తక్కినవాళ్ళకు తేలికే. స్నిగ్ధ చుట్టిన బీడీ విప్పుకుని జర్దా అంతా ఒళ్ళో పడితే ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వారు. అప్పు తెచ్చి కట్టే మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

రెండో రోజు టేకేదారు మోటారు సైకిలు మీద వచ్చాడు. కరస్పాండెంటు, అతను ఒకే రాజకీయ నాయకుడి బ్యానర్ల మీద పక్కపక్కన ఉంటారు. ఎవరు పిలిచారో మేం అడగాల్సిన పని లేదు.

"రేపటి నుంచి మీకు ఆకు బంద్" అన్నాడు. అంతే అని పోయాడు.

వరండాలో చేతులు ఆగిపోయాయి. నజ్మా అందరికంటే ముందు లేచింది. "నేను చెప్పలేదా? నా ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు." కొందరు ఆమె వెంట లేచారు. వాళ్ళను తప్పుపట్టను. ఆకు లేకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళెవరూ తప్పుపట్టరు. యాదవ్వ తలవంచుకుని, ఉన్న ఆకును కత్తిరిస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం నేను ఇంటికి పోయి మా అమ్మకు చెప్పాను. మర్నాడు పొద్దున లేచేసరికి ఇంట్లో చాట లేదు, అమ్మ లేదు. నేను కాలేజీకి పోయేసరికి సదాశివనగర్ ఆడవాళ్ళు తమ వాటా ఆకులోంచి సగం మూటగట్టుకొచ్చి వరండాలో పంచుతున్నారు. "మాకు తక్కువైతది. తక్కువతోనే చుడ్తం" అంది మా అమ్మ భూమక్క. నజ్మా ఆ పూట బస్సుకు తిరిగొచ్చింది. రాగానే ఆకు మూట దగ్గర కూర్చుని ఎవరికెంత పంచాలో తనే చూసుకుంది.

అది శుక్రవారం. కరస్పాండెంటు మెహక్‌ను లోపలికి పిలిచాడు. ఆమె నన్ను వెంట తీసుకుపోయింది. బల్ల మీద ఆమె టీసీ, మెమోలు, ప్రొవిజనల్ అన్నీ పెట్టి ఉన్నాయి. మూడేళ్ళ చదువు అరచేతి ఎత్తు కూడా లేదు.

"తీస్కపో బిడ్డా. నేనేమన్న రాక్షసుణ్ణా? ఫీజు నేను వదిలేస్త. దీని మీద ఒక్క సంతకం పెట్టు. నీ వాళ్ళను తీస్కొని ఎల్లారెడ్డి బస్సెక్కు. రేపు పోయి సీట్ల చేరు."

"తక్కినోళ్ళ సర్టిఫికెట్లు సార్?" అంది మెహక్.

"నీ పని నువ్వు చూస్కో."

మెహక్ ఆయన ఇచ్చిన కాగితం చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత ఆ కాగితం ఒక్కటే పట్టుకుని వరండాలోకి వచ్చింది.

విషయం తెలిసి ఆమినా బిడ్డ చెయ్యి పట్టుకుంది. "సంతకం పెట్టు బేటా. అల్లా దయ, సీటు దక్కుతది. గింతమంది గింతసేపు కూసున్నది నీ కోసమే కద."

"పెట్టొద్దు" అన్నాడు సతీశ్.

యాదవ్వ అతని మీద ఇంతెత్తున లేచింది. "నీ సీటైతె ఎరుకైతది. పోరి నోటికాడి ముద్ద అది. పెట్టు బిడ్డా. నా వల్ల పోయింది నీకు, నా కండ్ల ముంగట మళ్ళొచ్చింది. పెట్టి పో. మేం కూసుంటం ఈడ."

"నువ్వు కూసునేదానికే లేదవ్వా. ఇనుండ్రి" అంది మెహక్. అందరికీ వినిపించేట్టు చదివింది. "ఈ నిరసనతో నాకు సంబంధం లేదు. సతీశ్, పద్మప్రియ అనువారు బయటి నుండి ఆడవారిని రోజు కూలికి తీసుకువచ్చి కాలేజీలో అల్లరి చేయించుచున్నారు. వారిపై చర్య తీసుకొనగలరు."

"రోజు కూలికా?" అంది ఆమినా. "నేను నా బిడ్డ కోసం రోజు కూలికి వచ్చిన్నా?"

"గట్లనే రాసిండు అమ్మీ. పెట్టమంటవా?"

ఆమినా ఆ కాగితం తీసుకుంది. ఆమె దాన్ని చింపలేదు. ఆకు కొలతకు చాటలో ఉంచుకునే రేకు ముక్క దాని మీద పెట్టి, చుట్టూ కత్తెరతో ఆకును కత్తిరించినట్టు కత్తిరించింది. మొత్తం అట్లాగే కత్తిరించింది. ఒక ముక్క చుట్టి చూసి, "ఇది బీడీకి గూడ పనికిరాదు" అని పక్కన పడేసింది.

మెహక్ తల్లి పక్కన కూర్చుంది. లోపల బల్ల మీద ఆమె సర్టిఫికెట్లు ఇంకా ఉన్నాయి. కిటికీలోంచి మాకు కనబడుతున్నాయి. కాసేపటికి రామస్వామి వాటిని ఎత్తి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ పూట అతను నవ్వలేదు. అది చూసి మెహక్ ఏడ్చింది. ఏడవలేదని రాస్తే బాగుంటుందేమో గానీ, ఏడ్చింది. ఏడుస్తూనే చుట్టింది.

శనివారం పొద్దున పోలీసులు వచ్చారు. రెండు వ్యాన్లు. కాలేజీ పవిత్రతకు భంగం కలిగిందట. అబ్రాహాము అడ్డం పోయి "సార్, వీళ్ళు పని చేసుకుంటున్నరు" అంటే వాడి చొక్కా పట్టి ముందు వాణ్ణే ఎక్కించారు. చాటలు లాగి వ్యాన్‌లోకి విసిరారు. ఆకు వరండా అంతా చెదిరి బూట్ల కింద నలిగింది. మా అమ్మ ఆ ఆకును ఏరుకోబోతే ఒక కానిస్టేబులు ఆమె చేతి మీద కాలేశాడు. చూడకుండా వేశానన్నాడు. నేను చూశాను.

స్టేషన్‌లో మమ్మల్ని ఆవరణలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటింది. మెహక్ గోడ గడియారం వైపు చూడకుండా ఉండాలని తల వంచుకుంది. "సీట్ల చేరేది ఇయ్యాలనే ఆఖరు సార్, పిల్లనొక్కదాన్ని పోనియ్యుండ్రి" అని ఆమినా వచ్చిన ప్రతి పోలీసునూ అడిగింది. అడిగీ అడిగీ చివరికి ఊరుకుంది.

ఎండ వాలాక ఎస్సై బాండు పేపర్లు పట్టుకుని వచ్చాడు. "ఇగ మీద గొడవ చెయ్యమని రాసిస్తె ఇంటికి పోవచ్చు. సంతకం రానోళ్ళు వేలిముద్ర వెయ్యుండ్రి" అని ఇంకు డబ్బా యాదవ్వ ముందు పెట్టాడు.

యాదవ్వ చేతులు కొంగులో పెట్టుకుంది.

"మా ఏళ్ళకు ముద్రలు లేవు సారూ."

"నకరాలు చెయ్యకు. వెయ్యి."

"నకరాలు గాదు సారూ. ఈ పోరికి స్కాలర్‌షిప్పు కావాలంటె ముద్ర లేదన్నరు, నువ్వెవరివో సర్కారుకు తెల్వదన్నరు. నా ఏలు దానికంటె అరిగింది. ఇచ్చేకాడ తెల్వని మనిషి, కట్టేసేకాడ ఎట్ల తెలిసింది?"

ఎస్సై డబ్బా నజ్మా ముందుకు జరిపాడు. నజ్మా చేతులు చంకల్లో పెట్టుకుంది. ఆమినా ముందుకు జరిపాడు. మా అమ్మ ముందుకు జరిపాడు. వాచిన చెయ్యి, మంచి చెయ్యి రెండూ కలిపి వెనక దాచుకుంది అమ్మ. ఆ వరస మొత్తంలో బయట ఒక్క చెయ్యి లేదు.

ఆయనకు చిరాకేసింది. మెహక్ వైపు తిరిగాడు. "నువ్వు డిగ్రీ చదివినవు కద. ముందు నువ్వు సంతకం పెట్టి వీళ్ళకు చెప్పు. చదువుకున్నదానివి, గింత తెలివి లేదా?"

మెహక్ లేచి నిలబడింది. ఆఫీసు గదిలో చెయ్యెత్తిన పిల్ల ఈసారి చేతులు కట్టుకుంది.

"నేను చదువుకున్నట్టు రుజువు లేదు సార్. అది కాలేజీ బీరువల ఉన్నది. మీ జీపుల పోయి తాళం తీపించుకొని తెండ్రి. అందరివి తెండ్రి. అప్పుడు పెడ్త."

ఎస్సై కాగితాలు తీసుకుని లోపలికి పోయాడు. మమ్మల్ని ఆదివారం మధ్యాహ్నం వదిలిపెట్టారు, కేసు పెట్టి. సీటు శనివారం సాయంత్రమే పోయింది. ఎవరికి దొరికిందో మాకు తెలియదు. వాళ్ళ మీద కోపం లేదు, వాళ్ళూ ఏ రేకుల కింది నుంచో వచ్చి ఉంటారు. కానీ ఆ సీటు మెహక్‌ది. ఆమె ర్యాంకుతో వచ్చింది. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నా కడుపుమంట చల్లారదు. మళ్ళీ ఎంట్రన్సు రాయాలంటే ఇంకో ఏడు చుట్టాలి. రాసినా ఆ బీరువా తెరవకపోతే మళ్ళీ ఇంతే.

చాటలు మాత్రం వదల్లేదు. కేసులో సాక్ష్యమట.

సోమవారం పొద్దున నేను కాలేజీకి పోతూ, ఎవరైనా వస్తారా అనుకున్నాను. నా మీద నాకే నమ్మకం లేదు. గేటు దగ్గరికి పోయేసరికి లోపల సందడి వినిపించింది. ఎల్లారెడ్డి వాళ్ళు వచ్చారు. పెద్దకొడప్‌గల్ నుంచి మాకు ముఖపరిచయం కూడా లేని ఆడవాళ్ళు, అందరికీ పంచడానికి ఆకు మూటలతో వచ్చారు. బిచ్కుంద నుంచి వచ్చినవాళ్ళు తమలో తాము మరాఠీలో మాట్లాడుకుంటూ కొంగుతో వరండా ఊడుస్తున్నారు. వాళ్ళ పిల్లల సర్టిఫికెట్లు కూడా ఇట్లాంటి బీరువాల్లోనే ఉన్నాయట, వేరే ఊళ్ళలో, వేరే కాలేజీల్లో. ఇక్కడ చూసి నేర్చుకుని అక్కడ కూర్చుంటామన్నారు. బీడీ చాటలు స్టేషన్‌లో ఉన్నాయి కాబట్టి ఎల్లారెడ్డి వాళ్ళు ఇంట్లో బియ్యం చెరిగే చాటలు తెచ్చారు.

మెహక్ మధ్యలో కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు ఇంటర్ పాసైన పిల్లలు. దరఖాస్తుకు ఏమేం కావాలో వాళ్ళకు చెబుతూ చుడుతోంది. "ఏళ్ళు మాత్రం తోముకోకుండ్రి. మరకతోనే పోండ్రి. పడకపోతె ఒక్కరే ఇంటికి రాకుండ్రి, ఈడికి రాండ్రి" అంటోంది.

రామస్వామి తాళంచెవుల గుత్తి పట్టుకుని వచ్చాడు. ఆఫీసు తలుపుకు ఆనుకుని యాదవ్వ కూర్చుని ఉంది. ఆమె లేస్తే గానీ తలుపు తెరుచుకోదు.

"జర జరుగు అవ్వా. ఆఫీసు తెరవాలె" అన్నాడు.

"ముందు బీరువ తెరుస్తనను. జరుగుత" అంది యాదవ్వ.

రామస్వామి తాళంచెవులు జేబులో వేసుకుని వరండా మెట్ల మీద కూర్చున్నాడు. యాదవ్వ ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది.